సిబిల్ 560 ఉంది, నమ్మకమైన ప్రీపెయిడ్ కార్డు ఎలా తీసుకోవాలి?

ప్రశ్న: ఖమ్మంలో మొబైల్ రిపేర్ షాపు నాది. లాక్‌డౌన్‌లో బైక్ లోన్ ఐదు నెలలు కట్టలేకపోయాను, అప్పులు ఎలా కడుతున్నామో చూపే సిబిల్ స్కోరు 560కి పడిపోయింది. క్రెడిట్ కార్డు ఎవరూ ఇవ్వట్లేదు. డిస్‌ప్లేలు, బ్యాటరీలు ఆన్‌లైన్‌లో కొనాలి, అసలు ఖాతా కార్డు ఎక్కడపడితే అక్కడ వాడాలంటే భయం. మొన్న వాట్సాప్‌లో ఒకాయన ‘స్కోరు చూడం’ అని 1,499 ఫీజు తీసుకుని నన్ను బ్లాక్ చేశాడు. ఇంట్లో చెప్పలేక షటర్ సగం దించుకుని కూర్చున్నాను.

జవాబు: తమ్ముడూ, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ప్రీపెయిడ్ కార్డుకి స్కోరుతో పనే లేదు, అందులో వేసేది నీ డబ్బే కదా! కార్డు ఇచ్చే సంస్థ పేరు రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లోని అనుమతుల జాబితాలో ఉందో లేదో చూడు. లేకపోతే ఆధార్ కాపీ కూడా ఇవ్వకు. పూర్తి కేవైసీ (గుర్తింపు తనిఖీ) చేయిస్తే కార్డులో 2 లక్షల వరకు ఉంచుకోవచ్చు.

జవాబు: అన్నా, ప్రీపెయిడ్ ఎంత వాడినా సిబిల్ పెరగదు. నేను 20 వేలు ఎఫ్‌డీ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నా. బిల్లు గడువులోపు మొత్తం కట్టేస్తున్నా, స్కోరు మెల్లగా లేస్తోంది.

ప్రశ్న అడిగినవారు: 1930కి చేశాను అక్కా, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సోమవారం పాన్ కార్డు పట్టుకుని ఎఫ్‌డీ సంగతి అడగడానికి బ్యాంకుకి వెళ్తున్నా.