మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఒకే బ్యాకప్ డిస్కు: మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు:
మా ఇంట్లో నాది ఉబుంటు లినక్స్, మా ఆవిడది మ్యాక్‌బుక్, నాన్నగారిది విండోస్ ల్యాప్‌టాప్. మూడింటి బ్యాకప్‌నూ ఒకే 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టాలని చూస్తున్నాను. డిస్కు విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండడం వల్ల మ్యాక్ దానిని చదువుతోందే కాని అందులో ఏమీ రాయలేకపోతోంది. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్ ఉన్న పెన్‌డ్రైవుతో ప్రయత్నిస్తే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కలేదు. ఇటువంటి ఇళ్లలో మీరు ఏ పద్ధతి పాటిస్తున్నారు?

పాతమదర్‌బోర్డు:
ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ మూడింటికీ పనికివస్తుంది. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోకి కూడా 2019లో, 5.4 వెర్షనుతో, వచ్చి చేరింది. అయితే అది ఫొటోలకూ వీడియోలకూ సరిపోతుంది తప్ప, లినక్స్ హోమ్ ఫోల్డరును నేరుగా కాపీ చేస్తే ఫైళ్ల అనుమతులు, సింబాలిక్ లింకులు (మరో ఫైలును చూపే గుర్తులు) పోతాయి. పైగా దానికి జర్నలింగ్ (మార్పులను ముందే నమోదు చేసుకునే రక్షణ) లేదు కనుక ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగితే ప్రమాదమే. నేను ఒకసారి అలా లాగి ఒక ఫోల్డరు మొత్తం పోగొట్టుకున్నాను. మ్యాక్‌తో వచ్చే బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ వాడదలిస్తే మ్యాక్‌కు వేరే పార్టిషన్ కేటాయించండి.

కైఫీయతు:
ఫార్మాట్ సంగతి అలా ఉంచి, తెలుగు పేర్లున్న ఫైళ్లు ఉంటే మరొక చిక్కు ఉంది. లినక్స్‌లో నేను పెట్టుకున్న ‘పైడితల్లి జాతర’ ఫోల్డరును పాత మ్యాక్‌కు పంపి, తరువాత ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో తిరిగి తెచ్చుకుంటే, చూపుకు ఏ తేడా లేని రెండు ఫోల్డర్లు కనబడ్డాయి. కారణం ఐత్వం. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో దానిని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ ఐత్వపు తోకా కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పాత మ్యాక్‌ల డిస్కు ఫార్మాట్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ప్రతి పేరునూ విడగొట్టి రెండో రూపంలోనే దాచుకుంటుంది. నెట్‌వర్క్ మీదుగా పంపేటప్పుడు ఆర్‌సింక్ 3వ వెర్షనులోని, పేర్ల సంకేతరూపాన్ని మార్చే ఐకాన్వ్ ఆప్షను వాడాక ఆ బాధ తీరింది. ఇప్పటి మ్యాక్‌ల ఏపీఎఫ్‌ఎస్ ఫార్మాట్ పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది. పేరు పొడవూ చూసుకోవాలి. లినక్స్ డిస్కు ఫార్మాట్ ఎక్స్‌ట్4లో పరిమితి 255 బైట్లు, పేర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే 85 సంకేతాలతో సరి. గుణింతాలూ ఒత్తులూ ఆ లెక్కలోకే వస్తాయి కనుక, విండోస్‌లో నిక్షేపంగా ఉన్న పొడవైన వ్యాసం పేరు ఇక్కడికి వచ్చేసరికి పట్టదు.

ఓరుగల్లు_లినక్స్:
ఈ చిక్కులన్నీ ఫైళ్లను విడివిడిగా కాపీ చేయడం వల్ల వచ్చేవి. నేను మూడు చోట్లా రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేరు వాడుతున్నాను. అది సమాచారాన్ని ముక్కలు చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి, అసలు పేర్లనూ అనుమతులనూ లోపలే భద్రపరుస్తుంది కనుక, డిస్కు ఎక్స్‌ఫ్యాట్ అయినా నష్టం లేదు. పాస్‌వర్డు మరిచిపోతే మాత్రం ఎవరూ తెరవలేరు. సింక్ చేసే సాఫ్ట్‌వేర్లను బ్యాకప్ అనుకోవద్దని కూడా మనవి; ఒక చోట పొరపాటున చెరిపినది రెండో చోటా చెరిగిపోతుంది.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. 1 టీబీ టైమ్ మెషీన్‌కు ఇచ్చి, మిగిలినది ఎక్స్‌ఫ్యాట్ చేసి, మిగతా రెండింటికీ రెస్టిక్ పెట్టాను. నాన్నగారి పత్రాలను ఉబుంటులో రీస్టోర్ చేసి చూశాను, పేర్లతో సహా సరిగ్గా వచ్చాయి. పాస్‌వర్డును ఆయన గోడ క్యాలెండరు వెనక రాసుకున్నారు.

కైఫీయతు:
జనవరిలో ఆ క్యాలెండరు మార్చకముందే మరొక చోట రాయించండి.