టచ్‌ప్యాడ్ టకటకకు టేపు ముక్క: మరమ్మతా, మసిపూయడమా?

రాత్రి_కోడర్
14 అంగుళాల విండోస్ ల్యాప్‌టాప్, వారంటీ ముగిసింది. టచ్‌ప్యాడ్ కింది అంచున వేలు ఆనించినా చాలు టక్‌మంటోంది. గట్టిగా నొక్కితే ఇంకో టక్. క్లిక్ మాత్రం సరిగ్గానే పడుతోంది. లోపల చిన్న టేపు ముక్క అతికిస్తే పోతుందని కొందరు, అది మోటు పని, ప్యాడ్ మార్చాల్సిందేనని కొందరు. ఇంట్లో విప్పి చేసుకునే పనేనా ఇది?

టంకం_తీగ
నిక్షేపంగా చేసుకోవచ్చండీ. రెండు టక్‌లు వినిపిస్తున్నాయంటే లోపల సందు ఉన్నట్టే. ఈ రకం ప్యాడ్‌కి కీలు పై అంచున, స్విచ్చి కింది అంచు మధ్యలో ఉంటాయి. స్విచ్చి నెత్తికీ, ఎదురుగా ఉండే లోహపు పట్టీకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా స్విచ్చి ముందు వెళ్లి పట్టీని కొడుతుంది. మీకు వినపడే మొదటి టక్ అదే. రెండోది అసలు క్లిక్, దాన్ని ఎవరూ తీసేయలేరు. పట్టీ మీద స్విచ్చి తగిలే చోట 5 మిల్లీమీటర్ల చదరం కాప్టన్ టేపు వేయండి. ఒక పొర సుమారు 0.06 మి.మీ. ఉంటుంది. చాలకపోతే రెండోది. మూడో పొర కావాల్సి వచ్చిందంటే అది టేపుతో పోయే జబ్బు కాదు.

పాతస్క్రూలు
సందు ఎందుకొచ్చిందో చూడకుండా పూడ్చేస్తే ఎలాగండీ? పట్టీ స్క్రూలు వదులైనా, పట్టీయే కాస్త వంగినా ఇదే చప్పుడు. అలాంటప్పుడు టేపు వేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, స్క్రూ ఇంకాస్త వదులవగానే మళ్లీ మొదలు. ముందు ప్యాడ్ స్క్రూలన్నీ అర చుట్టు వదలండి. ప్యాడ్ చుట్టూ సందు నాలుగు వైపులా సమంగా వచ్చేలా జరపండి. తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించండి. వేళ్ల బలం చాలు. ప్లాస్టిక్‌లో దిగిన ఇత్తడి బుష్ (స్క్రూ మరలు పట్టే చిన్న గొట్టం) తిరిగిపోయిందంటే ఆ స్క్రూ ఇక పట్టదు, అప్పుడు నిజంగానే పామ్‌రెస్ట్ (టైపు చేసేటప్పుడు అరచేతులు ఆనే భాగం) మార్చాలి.

కోఠి_గల్లీ
అన్నా, ఒకలు టేపంటున్నరు, ఒకలు స్క్రూ అంటున్నరు, బ్యాటరీ సంగతి ఎవ్వలూ అడుగుతలేరు! శానా ల్యాప్‌టాప్‌లల్ల ప్యాడ్ కిందనే బ్యాటరీ ఉంటది. అది ఉబ్బితే ప్యాడ్ పైకి లేస్తది, కదులుతది, చప్పుడు చేస్తది. స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి ప్యాడ్‌కు అడ్డంగ పెట్టి చూడు. రెండు దిక్కుల పామ్‌రెస్ట్ మీద సమంగ కూసోవాలె. నడుమ లేచి ఊగుతే ప్యాడ్ ముచ్చటే ఇడిసిపెట్టు. ఛార్జింగ్ పెట్టకు, వంచకు, పొడవకు, బ్యాటరీ మార్పియ్యి. పాతది చెత్తబుట్టల ఎయ్యకు, ఈ-వేస్ట్ తీసుకునేటోళ్లకు ఇయ్యి.

రాత్రి_కోడర్
స్కేలు సమంగానే కూర్చుంది. మూత కూడా చక్కగా పడుతోంది. ఇంట్లో కరెంటు పనికి వాడే నల్ల టేపు ఉంది, సరిపోతుందా?

టంకం_తీగ
వద్దు. అది కాప్టన్‌కి రెట్టింపు మందం, పైగా వేడికి జిగురు కారుతుంది. స్విచ్చికి అంటుకుంటే క్లిక్ ముద్దగా తయారవుతుంది. సెల్లోటేపు జిగురూ అంతే. కాప్టన్ అంటే సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు వాడే పసుప్పచ్చ పారదర్శక టేపు. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడిగితే ఇస్తారు.

విప్పేముందు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీయండి. స్క్రూలను కాగితం మీద బొమ్మ గీసి అదే వరసలో అతికించుకోండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది దింపితే పైన బొడిపె లేస్తుంది. కింది మూత తీశాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. వైర్లు పట్టి లాగకుండా ప్లాస్టిక్ పుల్లతో కనెక్టర్‌నే కదపండి. ఆ తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. ప్యాడ్ రిబ్బన్‌కి (చదునుగా ఉండే కేబుల్) గొళ్లెం ఉంటుంది, అది లేపకుండా లాగితే రిబ్బన్ చిరుగుతుంది.

సన్నజాజి
ఇంత తంతు ఎందుకండీ? సెట్టింగ్స్‌లో ట్యాప్ టు క్లిక్ (వేలితో తడితేనే క్లిక్ పడేది) పెట్టుకుంటే నొక్కే పనే ఉండదు కదా.

పాతస్క్రూలు
ఈయన కేసులో అది పనికిరాదండీ. చప్పుడు వస్తున్నదే ఆనించినప్పుడు. ట్యాప్ చేస్తే ప్రతిసారీ ఆ మొదటి టక్కే వినపడుతుంది. క్లిక్ మోత ఒక్కటే బాధ అయినవాళ్లకి మాత్రం మీ సలహా బంగారం.

టేపు వేసేవాళ్లు ఒకటి గమనించండి. ప్యాడ్ నుంచి లోహపు ఫ్రేముకి గుడ్డలాంటి నల్ల పట్టీ గానీ రాగి రేకు గానీ ఉంటుంది. అది ఎర్త్ దారి. దాన్ని పీకినా, కింద కాప్టన్ దూర్చినా ఛార్జర్ పెట్టగానే కర్సర్ గంతులేస్తుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల సాకెట్లు మనిళ్లలో ఎన్నో, అక్కడ మరీ ఎక్కువ.

నల్లమూత
ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా క్లిక్ అవుతోందా చూడండి. అవ్వకపోతే అందులో కదిలే స్విచ్చే లేదు, 2015 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ఫోర్స్ టచ్ ప్యాడ్‌లా అయస్కాంతంతో అదిరేది. దానికి ఈ టేపు వైద్యం పనిచేయదు. ఇక ప్యాడ్ మార్చడం ప్రతిసారీ దండగేమీ కాదు. థింక్‌ప్యాడ్ టీ440 ల్యాప్‌టాప్‌లో బటన్లతో సహా ప్యాడ్ మొత్తం కిందికి దిగే డిజైన్. విడి బటన్లున్న టీ450 ప్యాడ్ తెచ్చి బిగించుకున్నవాళ్లు బోలెడుమంది. అక్కడ చిక్కు డిజైన్‌లోనే ఉంది, టేపేం చేస్తుంది?

రాత్రి_కోడర్
ఆఫ్‌లోనూ క్లిక్ అవుతోంది. అయితే ముందు స్క్రూలు, తర్వాత టేపు. టేపు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

టంకం_తీగ
స్క్రూలు ముందన్న వరసకి నాకూ అభ్యంతరం లేదు. కానీ అవి బిగుతుగానే ఉండి సందు మిగిలితే టేపే మందు, దాన్ని మసిపూయడం అంటే ఒప్పుకోను.

మూత బిగించకముందే ల్యాప్‌టాప్ నిలువుగా పట్టుకుని ప్యాడ్‌ను రెండు మూలల్లో, మధ్యలో నొక్కి చూడండి. మధ్యలో క్లిక్ పడి మూలల్లో పడకపోతే ప్యాడ్ ఒరిగింది, స్క్రూలు మళ్లీ సర్దండి. అన్నీ పెట్టి ఆన్ చేశాక ఫైలును లాగి వదిలితే అది కర్సర్‌కి అతుక్కుపోయినా, ముట్టుకోకుండానే ఏదో సెలెక్ట్ అవుతున్నా స్విచ్చి సగం నొక్కుకుని ఉన్నట్టే. ఒక పొర పీకేయండి. ఆ చోట మిగిలిన జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. స్విచ్చి లోపలికి మాత్రం చుక్క కూడా దిగనివ్వకండి.