అప్‌డేట్: రోబోటిక్స్ టీమ్‌లో పనులు పంచాం

హైస్కూల్ రోబోటిక్స్ టీమ్‌లో అందరూ రోబో చుట్టూనే మూగుతున్నారు, కోడ్ రాసేవాళ్లకి అది చేతికే రావట్లేదు, ఏం చేయాలని అడిగాను కదా. మీరన్నట్టే మెకానికల్, వైరింగ్, ప్రోగ్రామింగ్, డాక్యుమెంటేషన్ అని విడగొట్టి, ఒక్కోదానికి ఒక లీడ్‌ని పెట్టాం.

అసలు పనిచేసింది మాత్రం విడిగా ఇంకో చాసిస్ (రోబో కింది చక్రాల చట్రం) పెట్టుకోమన్న సలహా. పాత మోటార్లు బిగించి ప్రోగ్రామింగ్ వాళ్లకి ఇచ్చేశాం. మేం ఆడే ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్, స్టూడెంట్ల రోబో పోటీ) మ్యాచ్‌లో మొదటి 30 సెకన్లు రోబో తనంతట తానే నడవాలి. ఆ కోడ్ ఇప్పుడే నేలమీద టేపు గీతల మధ్య తిరుగుతోంది, అసలు రోబోకి ఇంకా చెయ్యే లేదు!

డ్రైవర్ల గొడవే తెగలేదు. మ్యాచ్‌కి ఇద్దరే డ్రైవర్లు. సీనియర్లకే ఇవ్వాలని కొందరి పట్టు. ప్రాక్టీసులో ఎవరు బాగా నడిపితే వాళ్లకే అని నా వాదన. పోర్ట్‌ఫోలియో (రోబోని, టీమ్ పనిని వివరిస్తూ జడ్జీలకిచ్చే రిపోర్ట్) రాయమంటే మాత్రం అందరూ మాయం. జడ్జీలేమో అదీ చూస్తారు. దానికేమైనా ఉపాయముందా?