ఎదలో ఉన్న గోడిగకు బ్యూట్ ఇస్తే ఫాలికల్ పగలదా?

లాయం_మనిషి (ప్రశ్న)

11 ఏళ్ల మార్వాడి గోడిగ (ఆడ గుర్రం), బరువు సుమారు 400 కిలోలు. కుడి ముందుకాలి మోకాట్లో పాత ఆర్థ్రైటిస్. కుంటు ఎక్కువవకుండా బ్యూట్ (ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పి, వాపు మందు) ఉదయం ఒక గ్రాము, సాయంత్రం ఒక గ్రాము దాణాలో పడుతోంది. ఈ ఎదలో ఫాలికల్ (అండాశయంలో అండం ఉండే నీటి సంచి) 38 మి.మీ. ఉన్నప్పుడు అది పగిలి అండం విడుదలయ్యేలా చేసే హార్మోను హెచ్‌సీజీ 2500 యూనిట్లు నరానికి ఇచ్చారు, మర్నాడు దాటించారు. 48 గంటలకు స్కాన్ చూస్తే ఫాలికల్ పగలకపోగా 54 మి.మీ.కి పెరిగింది, లోపల తెల్లటి చుక్కలు తేలుతున్నాయి. బ్యూట్ ఎవరూ ఆపలేదు. తప్పు దానిదేనా? హెచ్‌సీజీ ఇంకో డోసు వేయమంటారా? వచ్చే ఎదకు నొప్పి సంగతి ఏం చేయాలి?

స్కాన్_డాక్టర్

హెచ్‌సీజీ మళ్లీ వేయకండి, దండగ. ఆ తేలే చుక్కలు లోపలికి కారిన రక్తానివి. రేపో ఎల్లుండో చూస్తే సాలెగూడులా దారాలు కనిపిస్తాయి, తర్వాత గోడ మందమవుతుంది. అండం మాత్రం లోపలే చిక్కుకుపోయి ఉంటుంది. ఈ ఎద పోయినట్టే.

ఎందుకలా అవుతుందంటే, అండాన్ని విడుదల చేయించే ఒంట్లోని హార్మోను ఎల్‌హెచ్ పెరిగాక (లేదా హెచ్‌సీజీ ఇచ్చాక) ఫాలికల్ గోడలోని కణాల్లో కాక్స్-2 అనే ఎంజైము పుడుతుంది. గోడిగల్లో ఇది హెచ్‌సీజీ తర్వాత దాదాపు 30 గంటలకు కనిపిస్తుంది. అది తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్లే (హార్మోన్లలాంటి పదార్థాలు) గోడను పలచన చేసి పగలగొడతాయి. అండం విడుదల మామూలుగా 36 నుంచి 48 గంటల మధ్య. బ్యూట్, ఫ్లునిక్సిన్ వంటి మందులు అడ్డుకునేది సరిగ్గా ఆ ఎంజైమునే. ఫ్లునిక్సిన్‌ను మామూలు 1.1కి బదులు కిలోకు 1.7 మి.గ్రా. చొప్పున, హెచ్‌సీజీ ఇచ్చినప్పటి నుంచి 12 గంటలకోసారి ఇచ్చి చూసిన ప్రయోగాల్లో ఎక్కువ గోడిగలకు ఇలాంటి ఫాలికలే మిగిలింది. ఒక్క మామూలు డోసుతో ఇలా జరగడం అరుదు. మీ దగ్గర రెండు పూటలా ఆగకుండా నడిచింది, అదీ తేడా.

ఇప్పుడు చేయాల్సిందల్లా కాస్త ఓపిక పట్టడం. ఇలాంటివి చాలావరకు గట్టిపడి ప్రొజెస్టెరాన్ (ఎదను ఆపి చూలు నిలిపే హార్మోను) ఇస్తాయి, గోడిగ ఎద నుంచి బయటికి వచ్చేస్తుంది. సుమారు 10 రోజులాగి స్కాన్‌లో గోడ మందమైందని చూసుకున్నాక క్లోప్రోస్టెనాల్ (ప్రోస్టాగ్లాండిన్ లాంటి మందు) 250 మైక్రోగ్రాములు కండకు ఇస్తే కరిగి కొత్త ఎద వస్తుంది. ఈ వారమే ఇస్తే పని చేయదు. సైజు చూసి కణితి అని కంగారు పడొద్దు, కొన్ని 8-10 సెం.మీ. దాకా వెళ్తాయి.

సీజన్_మొత్తం_స్కానే

బ్యూట్ మీదే నేరం మోపడం తొందరపాటు. ఏ మందూ పడని గోడిగల్లో కూడా ఈ ఫాలికల్స్ వస్తాయి. వయసు మీరినవాటిలో, సీజన్ చివర్లో ఎక్కువ. ఒకసారి వచ్చినదానికి మళ్లీ రావడమూ మామూలే. క్లోప్రోస్టెనాల్ వేసి తెప్పించిన ఎదలో ఆ ముప్పు ఇంకా పెరుగుతుందని లెక్కలున్నాయి. కాబట్టి పై సలహా పాటిస్తే వచ్చే ఎదలో ప్రతి 12 గంటలకు స్కాన్ పెట్టుకోండి. తొందర లేకపోతే దాన్ని దానంతటదే కరగనివ్వడం మేలు.

నొప్పికి: ఫాలికల్ 30 మి.మీ. దాటగానే బ్యూట్ ఆపండి. రోజుకు 3 మి.మీ. వంతున పెరుగుతుంది కాబట్టి హెచ్‌సీజీకి ముందు రెండు రోజులు దొరుకుతాయి. పగిలిందని స్కాన్‌లో చూశాకే మళ్లీ మొదలు. మధ్యలో మెత్తటి పరుపు, చన్నీళ్ల ధార, చిన్న ప్యాడక్. ఫిరోకాక్సిబ్ అనే ఇంకో నొప్పి మందుకి మార్చి ఇలాగే రెండు రోజుల ముందు ఆపుదామనుకుంటే కుదరదు. రక్తంలో సగమవడానికే ఒకరోజు పైన పడుతుంది, వారం ముందే ఆలోచించాలి. మెలాక్సికామ్ కాక్స్-2 వైపే మొగ్గే మందు, ఆ 48 గంటల్లో బ్యూట్ కంటే నయం అనుకోకండి. పైగా కిలోకు 0.6 మి.గ్రా. లెక్కన మీ గోడిగకు 240 మి.గ్రా. కావాలి, మి.లీ.కి 5 మి.గ్రా. ఉండే సీసాతో 48 మి.లీ. అవుతుంది!

కుంటు మరీ ఎక్కువై ఇంజెక్షన్ బ్యూట్‌కి వెళ్తే నరానికి మాత్రమే. చుక్క బయట పడినా ఆ చోట చర్మం కుళ్లుతుంది. ఫ్లునిక్సిన్ కండకు వేయొద్దు, కండ కుళ్లి ప్రాణం మీదికి వస్తుంది.

లాయం_మనిషి

ఇంకో చిక్కు. దాటించిన మర్నాడు గర్భసంచిలో 2 సెం.మీ. నీరు నిలుస్తోంది. డాక్టర్ గారు డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) అంటున్నారు. అదీ వాపు మందే కదా, ఫాలికల్‌ని ఆపదా?

స్కాన్_డాక్టర్

ఒక్క డోసు ఆపదు. వీర్యం పడ్డాక గర్భసంచిలో వాపు రావడం సహజం, అది బతకని కణాల్నీ సూక్ష్మజీవుల్నీ కడిగేయడానికే. మంచి గోడిగ 24-36 గంటల్లో శుభ్రం చేసుకుంటుంది, మీది చేసుకోలేకపోతోంది. పిండం 6వ రోజుకు గర్భసంచిలోకి దిగుతుంది, అప్పటికి అక్కడ వాపు ఉండకూడదు.

దాటించిన గంటలోపు డెక్సామెథాసోన్ 50 మి.గ్రా. నరానికి, ఒక్కసారే. మి.లీ.కి 4 మి.గ్రా. సీసా అయితే పన్నెండున్నర మి.లీ. రోజుల తరబడి ఇస్తే ఎల్‌హెచ్ పడిపోయి అండం విడుదలే జరగదు, కాబట్టి ‘ఇంకో రెండు రోజులు కొనసాగిద్దాం’ అన్న మాట వద్దు. మెడ మీద కొవ్వు పేరుకున్నా, ఎప్పుడైనా లామినైటిస్ (గిట్టల లోపలి వాపు) వచ్చి ఉన్నా అసలు ముట్టుకోవద్దు. ముందు స్వాబ్ తీసి కల్చర్ చేయించండి. సూక్ష్మజీవి ఉన్న గర్భసంచిలో స్టెరాయిడ్ ఇస్తే ఇన్ఫెక్షన్‌ని పెంచి పోషించినట్టే.

అసలు పని కడగడమే. దాటించిన 4-6 గంటల తర్వాత గోరువెచ్చటి రింగర్స్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) లీటరు లీటరుగా పోసి, తిరిగొచ్చేది తేటగా కనిపించే వరకు కడగండి, పోసినంతా బయటికి వచ్చిందో కొలవండి. తర్వాత ఆక్సిటోసిన్ 20 యూనిట్లు, ఆరేసి గంటలకోసారి. 4 గంటల ముందు కడిగితే అండవాహికకు చేరని వీర్యకణాలు కూడా పోతాయి. ఇక్కడ బ్యూట్ ఇంకో చోట అడ్డం వస్తుంది. ఆక్సిటోసిన్ గర్భసంచిని బిగించేది కొంత ప్రోస్టాగ్లాండిన్ల ద్వారానే, బ్యూట్ ఉంటే ఆ బిగువు తగ్గుతుంది, నీరు అలాగే నిలుస్తుంది.

సీజన్_మొత్తం_స్కానే

చూలు నిలిచాక కూడా కొంచెం చూసుకోండి. 9 నుంచి 16వ రోజు దాకా పిండం గర్భసంచంతా తిరుగుతూ తల్లికి తన ఉనికి తెలపాలి, ఆ కదలికకూ ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. ఫ్లునిక్సిన్ ఇస్తే కదలిక తగ్గుతుందని స్కాన్‌లో చూశారు. ఆ వారంలో బ్యూట్ ఎంత తక్కువైతే అంత మంచిది. అయితే కడుపునొప్పి వచ్చినా, సూక్ష్మజీవుల విషం రక్తంలోకి ఎక్కినా ఫ్లునిక్సిన్ ఆపడం తెలివితక్కువ పని. ఆ విషానికి విడుదలయ్యే ప్రోస్టాగ్లాండిన్ కార్పస్ లూటియంని (అండాశయంలో ప్రొజెస్టెరాన్ ఇచ్చే ముద్ద) కరిగించి చూలు పోగొడుతుంది, దాన్ని అడ్డేది ఆ మందే. దాంతోపాటు ఆల్ట్రెనోజెస్ట్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) కిలోకు 0.044 మి.గ్రా., అంటే మీ గోడిగకు రోజుకు 17.6 మి.గ్రా., నోటి ద్వారా. కలిపేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, చర్మం గుండా ఎక్కుతుంది. ఆడవాళ్లయితే మరీ జాగ్రత్త.