నెట్‌వర్క్‌లో ఉన్న ఫైలు సొంత డిస్క్‌లో ఉన్నట్టే కనిపించాలా?

రాత్రి షిఫ్ట్:
నిన్న రాత్రి మా ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ (నెట్‌వర్క్ మీదుగా మిగతా మెషీన్లకు ఫైళ్లు అందించేది) ఒకటి పడిపోయింది. దాన్ని మౌంట్ చేసుకున్న, అంటే సొంత డిస్క్‌లా తగిలించుకున్న ప్రతి మెషీన్‌లోనూ అదే గోల, ఫైళ్ల జాబితా కోసం ‘ఎల్‌ఎస్’ కొడితే టెర్మినల్ బిగుసుకుపోవడమే. టెన్షన్‌తో చచ్చాను. ఎక్కడో ఉన్న డిస్క్‌ను మన డిస్క్‌లా చూపించడమే మోసమని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

పాత సర్వర్:
మోసమంటే ఒప్పుకోను. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చినప్పుడు దాని గొప్పతనమే అది. ఫైళ్ల కోసం మామూలు ఓపెన్, రీడ్, రైట్ కమాండ్లు వాడే పాత ప్రోగ్రాములు మార్చకుండానే నడిచాయి. ఎవరు ఏ ఫైలు తెరిచారో అప్పటి సర్వర్ గుర్తుపెట్టుకునేదే కాదు. ఏ ఫైలు, ఎక్కడి నుంచి, ఎన్ని బైట్లు అన్నది ప్రతి రీడ్ రిక్వెస్ట్‌లోనే ఉండేది. అందుకే సర్వర్ పడి లేచినా క్లయింట్ (ఫైలు అడిగే మెషీన్) అదే రిక్వెస్ట్ మళ్లీ పంపి పని సాగించేది.

మీ టెర్మినల్ ఆగింది హార్డ్ మౌంట్ వల్ల. సర్వర్ లేచేదాకా కాచుకోమన్నారు, కాచుకుంది. సాఫ్ట్ మౌంట్ అయితే కాసేపు చూసి ఎర్రర్ ఇస్తుంది. రైట్ ఎర్రర్‌ను పట్టించుకోని ప్రోగ్రాములు ఎన్ని లేవు? ఫైలు సగమే రాసి ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ప్యాకెట్ పోయింది:
పాత సర్వర్ గారూ, రీడ్ సులువండీ, రెండుసార్లు చదివితే నష్టమేముంది? డిలీట్ సంగతి చూడండి. రిక్వెస్ట్ చేరింది, ఫైలు పోయింది, జవాబు మాత్రం దారిలో తప్పిపోయింది. క్లయింట్ మళ్లీ అడిగితే ‘అలాంటి ఫైలే లేదు’ అంటుంది సర్వర్. పని అయింది, ప్రోగ్రాముకు దక్కింది ఎర్రర్! దీన్ని తప్పించడానికి సర్వర్ ఇటీవలి జవాబులను దాచుకుంటుంది, కానీ మామూలుగా మెమరీలోనే. రీబూట్ అయితే అవీ గల్లంతు.

సొంత డిస్క్‌లో చాలావరకు పని అయిందా కాలేదా తెలిసిపోతుంది. నెట్‌వర్క్‌లో ‘ఏమో’ అనే మూడో జవాబు ఉంది. ఓపెన్, రైట్‌లలో దానికి చోటే లేదు.

ఇంకోటి, లినక్స్ క్లయింట్ ఫైలు వివరాలను మామూలుగా 3 నుంచి 60 సెకన్ల దాకా కాష్‌లో (తన దగ్గరి తాత్కాలిక నకలుగా) ఉంచుకుంటుంది. పక్క మెషీన్ రాసి క్లోజ్ చేశాక మీరు కొత్తగా ఓపెన్ చేస్తేనే మార్పు కనిపిస్తుందని హామీ. ముందే తెరిచి చూస్తూ కూర్చుంటే పాతదే కనబడొచ్చు.

సిగ్నల్:
చర్చ సంగతి సరే, ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టి చూశారా? లినక్స్ 2.6.25 నుంచి ఇలా ఆగిపోయిన ప్రాసెస్‌ను చంపగలిగేది అదొక్కటే.

బకెట్:
సొంత డిస్క్ అనే ముసుగు తీసేసినంత మాత్రాన కష్టాలు పోవు. 2006లో వచ్చిన అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ నిల్వ సేవ మౌంట్ ఊసే ఎత్తకుండా పుట్ (పెట్టడం), గెట్ (తీసుకోవడం) చాలంది. అయినా 2020 డిసెంబర్ దాకా, ఉన్న ఆబ్జెక్ట్ (అందులో దాచిన ఫైలు) మీద కొత్తది రాసి వెంటనే చదివితే పాతది వచ్చే అవకాశం ఉండేది. గూగుల్ 2003లో వివరించిన ఫైల్ సిస్టమ్ ఇంకా నిజాయితీగలది. ఫైలును 64 ఎంబీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మూడు కాపీలు పెట్టేది. రికార్డును చివర చేర్చమంటే ‘కనీసం ఒకసారి’ చేరుతుందని చెప్పేది, అంటే రెండుసార్లు చేరినా అడక్కూడదు. డూప్లికేట్లు ఏరుకునే పని ప్రోగ్రామర్‌ది. నిజం చెప్పి బరువు మన నెత్తిన పెట్టారన్నమాట.

పాత సర్వర్:
అందరికీ అంత ఓపిక ఉంటుందా అండీ? ఆ ‘ఏమో’ ఉందని ఒప్పుకుంటాను. కానీ హోమ్ డైరెక్టరీలో ఒక ఫైలును దాదాపు ఎప్పుడూ ఒక్క మనిషే మారుస్తాడు. అక్కడ అది ఏనాడో ఒకసారి ఎదురవుతుంది.

ప్యాకెట్ పోయింది:
హోమ్ డైరెక్టరీలకైతే సరే.

రాత్రి షిఫ్ట్:
మా మౌంట్ మీద ఒక ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఇమిడే డేటాబేస్) ఫైలు కూడా ఉంది. రెండు మెషీన్లు రాస్తాయి.

ప్యాకెట్ పోయింది:
వాల్ మోడ్‌లోనా, అంటే మార్పులను ముందు వేరే లాగ్ ఫైలులో రాసే పద్ధతిలోనా?

రాత్రి షిఫ్ట్:
అవును.

ప్యాకెట్ పోయింది:
ఆ మోడ్‌లో ప్రాసెస్‌లన్నీ ఒకే మెమరీని పంచుకోవాలి, రెండు మెషీన్ల మధ్య అది కుదరదు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఫైలును అక్కణ్నుంచి తీసేయండి.