అబర్డీన్‌షైర్ రాతి వలయాలకు చంద్రుడితో సంబంధం ఉందా?

ప్రశ్న – నెలవంక
స్కాట్లండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో చరిత్రపూర్వ కాలపు రాతి వలయాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా వలయాల్లో ఒక పెద్ద రాతిని అడ్డంగా పడుకోబెట్టి, దానికి ఇరుపక్కలా వలయంలోకెల్లా ఎత్తైన రాళ్లను నిలిపారు. లోన్‌హెడ్ ఆఫ్ డావియట్ వంటి చోట్ల వలయం నడుమ కాల్చిన మనుషుల ఎముకలు కూడా దొరికాయి. పడుకున్న రాయి వేసవి పున్నమి చంద్రుడి దారిని సూచిస్తుందని అంటారు. అయితే దక్షిణాన ఉన్న ఏ రాయి మీదుగానైనా చంద్రుడు ఎప్పుడో ఒకప్పుడు కనిపించక మానడు కదా, మరి ఇది కాకతాళీయం కాదని ఎలా తేల్చారు?

జవాబు – దక్షిణాయనం
ఒక్క వలయాన్ని పట్టుకుంటే ఏమీ తేలదు, బలమంతా గుంపులో ఉంది. ఈ వలయాలను పరిశోధించిన ఆబ్రీ బర్ల్, క్లైవ్ రగుల్స్ కొలతల ప్రకారం పడుకున్న రాళ్లన్నీ దక్షిణ, నైరుతి దిక్కుల చుట్టుపక్కలే ఉన్నాయి, ఉత్తరాన ఒక్కటీ లేదు. వేసవి పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు గనుక దక్షిణాన కిందుగానే నడుస్తాడు. చంద్రకక్ష్య వాలు కారణంగా 18.6 ఏళ్లకొకసారి మరీ కిందికి దిగి, అబర్డీన్‌షైర్ ఉన్న 57 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగంతానికి మూడు నాలుగు డిగ్రీల ఎత్తులోనే, రాతి వీపు మీదుగా జారుతున్నట్టు సాగిపోతాడు. హైదరాబాదులో అదే చంద్రుడు 40 డిగ్రీల పైన ఉంటాడు కాబట్టి ఈ దృశ్యం మనకు ఊహకు అందదు.

జవాబు – కొలబద్ద
గుంపు సాక్ష్యాన్ని ఒప్పుకుంటాను గాని, 18.6 ఏళ్ల మాటను ఒప్పుకోలేను. 20 మీటర్ల వలయంలో నాలుగున్నర మీటర్ల రాయి నడుమ నిలబడినవారికి దాదాపు 25 డిగ్రీల మేర పరుచుకుని కనిపిస్తుంది, అంత వెడల్పులో ఏటా ఏదో ఒక పున్నమి చంద్రుడు దొరుకుతాడు. రాతి వలయాలను కొలిచిన ఇంజనీరు అలెగ్జాండర్ థామ్ చెప్పిన, రాళ్లు చంద్రుడి స్థానాలను సూక్ష్మంగా చూపే గురుతుల మీద కూడా, నప్పినవే ఏరుకున్నారన్న విమర్శ వచ్చింది. పైగా టామ్నవేరీ అనే మరో వలయంలో పడుకున్న రాయి మీదుగా చూస్తే లోక్‌నాగర్ కొండ కనిపిస్తుంది. అక్కడ 1999లో, 2000లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త రిచర్డ్ బ్రాడ్లీ, ముందు చితి, దాని మీద రాళ్లగుట్ట, ఆ తరువాతే వలయం వచ్చాయని తేల్చారు. కట్టినవారి గురి చంద్రుడా, కొండా, రెండూనా అన్నది దిక్కును బట్టి మాత్రమే చెప్పలేం.

జవాబు – దక్షిణాయనం
కొలబద్ద గారూ, కొండతో సరిపెట్టలేని ఆనవాలు ఒకటి ఉంది. కొన్ని వలయాల్లో పడుకున్న రాయి మీద, దాని పక్కరాళ్ల మీద గిన్నెల్లా తొలిచిన చిన్న గుంటలున్నాయి. నడుమ నుంచి చూస్తే ఆ గుంటల దిక్కులు చంద్రుడు ఉదయించే, అస్తమించే చోట్ల కొసలకు (దిగంతం మీద అవి జరిగే చిట్టచివరి హద్దులకు) దగ్గరగా పడతాయని బర్ల్, రగుల్స్ చూపారు. గుంటలున్న వలయాలు కొద్దే కాబట్టి దీన్ని రుజువు అనను, కానీ కాకతాళీయమని తోసిపుచ్చడానికి మాత్రం వెనకాడతాను.