సిల్లిడ్‌ను ఏమందాం: పేనా, దోమా?

నిఘంటుప్రియ: మొక్కల రసం పీల్చే చిన్న గెంతుడు పురుగు సిల్లిడ్‌కు ఒక అనువాదంలో "గెంతు పేను" అని కనిపించింది. కరివేపాకు చివుళ్ళ మీద ఉండేది ఇదేనట. మాట సరిపోయిందా? పేనుబంకకూ (ఏఫిడ్) దీనికీ తేడా ఏమిటి?

కొమ్మారెమ్మా: అది "జంపింగ్ ప్లాంట్ లౌస్" అనే ఇంగ్లీషు పేరును ముక్కకు ముక్క దించిన మాట. మన పొలం భాషలో పేను గెంతదు. అంటుకుని ఉండేది పేను, నల్లి. కొమ్మ కదిపితే లేచేది దోమ. పచ్చదోమ, తెల్లదోమ, సుడిదోమ ఏవీ నెత్తురు తాగేవి కావు, అయినా దోమలే. ఆ లెక్కన సిల్లిడ్ తల్లిపురుగు దోమ, పిల్లపురుగు పేను! ఒకే పురుగు రెండు అరల్లో పడుతుంది, చిక్కంతా అక్కడే.

ఇక తేడా. కరివేపాకు, నిమ్మజాతి మొక్కల మీద ఉండేది డయాఫోరినా సిట్రి అనే సిల్లిడ్. 3-4 మి.మీ. ఉంటుంది. తల ఆకుకు ఆనించి, వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. 10 రెట్ల భూతద్దంలో వెనక భాగం చూడండి: పేనుబంకకు సాధారణంగా రెండు చిన్న గొట్టాలుంటాయి, దీనికి ఉండవు. మీసాలకు మామూలుగా 10 కణుపులు. పేనుబంకకు 6 మించవు. పచ్చదోమ కూడా గెంతుతుంది కానీ దాని మీసం సన్నని వెంట్రుకలా ఉంటుంది, నడక అడ్డంగా సాగుతుంది. సిల్లిడ్ పిల్లలు చదునుగా, పసుపు-నారింజ రంగులో ఉండి తెల్లటి మైనపు పోగులు వదులుతాయి.

నిఘంటుప్రియ: మామిడాకు మీద ఒకటి దొరికితే "మామిడి సిల్లిడ్" అనెయ్యవచ్చా?

కొమ్మారెమ్మా: వద్దండీ, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రెక్కల పురుగు ఎక్కడైనా వాలుతుంది. గుడ్డు పగిలి, పిల్ల ఐదు దశలూ పెరిగిన మొక్కే దాని అసలు ఆతిథ్య మొక్క. డయాఫోరినా లేత చివుళ్ళ మడతల్లోనే గుడ్లు పెడుతుంది, ముదురాకులు తిప్పి చూస్తే గుడ్లు దొరకవు. నేరేడు ఆకు గుంటల్లో ట్రయోజా జాంబొలానే, మేడి ఆకు బొడిపెల్లో పౌరోప్సిల్లా డిప్రెస్సా అనే సిల్లిడ్‌ల పిల్లలుంటాయి. బొడిపెను బ్లేడుతో కోసి చూడాలి.

నిపుణులకు పంపేటప్పుడు మగవి తప్పనిసరి, చాలా జాతులు వాటి జననాంగాలతోనే తేలతాయి. పిల్లల్ని కూడా ఆల్కహాల్‌లో వేసి, అదే కొమ్మను ఆకులతో, వీలైతే పువ్వుతో నొక్కి ఆరబెట్టి జత చేయండి. మొక్క పేరు తప్పితే పురుగు పేరూ తప్పే అవకాశం ఎక్కువ.

పదాలపెట్టె: అయితే "సిల్లా" ఉంచుకుందాం. గ్రీకులో ఆ మాటకు అర్థం ఒంటి మీద గెంతే చిన్న పురుగే, గెంతడం పేరులోనే ఉంది. నిమ్మ సిల్లా, సుబాబుల్ సిల్లా అని ముందు చెట్టు పేరు చేరిస్తే చాలు.

కొమ్మారెమ్మా: సరే. పిల్లలు దొరికిన చెట్టు పేరే చేర్చాలి.